గండి అన్న మాట

మా ఇంట్లో గండి అన్న మాట ఎవరూ అనకూడదు. కొత్త కోడలిగా వచ్చిన నెలకే నాకు ఆ సంగతి తెలిసింది. ఒకరోజు నీళ్ళ కుండ పగిలి వంటగది మడుగైతే, నవ్వుతూ "గండి పడినట్టుందండి మావయ్యగారూ" అన్నాను. ఆయన కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నాకు ఒళ్ళు మండింది. కుండ పగిలింది నాది, నడుం విరిగేలా నీళ్ళెత్తింది నేను, అలక మాత్రం ఆయనది.

ఆ కోపం పన్నెండేళ్ళ నాటిది. ఇప్పటి కోపం వేరు. ఇది తగ్గేది కాదు, తగ్గాలని నాకూ లేదు.

మావయ్యగారి పేరు పల్లంరాజు. వాళ్ళ నాన్నగారు గోదావరిలో వలేసి బతికిన మనిషి. ఈయన వల వదిలి ఏటిగట్టు ఎక్కారు. నది ఊళ్ళ మీద పడకుండా కట్టిన ఆ పొడవాటి మట్టికట్టకి లస్కరుగా, అంటే కాపలా మనిషిగా ముప్పై ఆరేళ్ళు చేశారు. ధవళేశ్వరానికి దిగువన ఐదు కిలోమీటర్ల గట్టు ఆయనది. ఎక్కడ ఎండ్రకాయ బొరియ ఉందో, ఎక్కడ పందికొక్కు తవ్విందో, ఏ తుమ్మచెట్టు వేరు ఎంత లోతుకి పోయిందో ఆయనకి తెలుసు. మా పెళ్ళిరోజు ఏదో మాత్రం ఇప్పటికీ తెలియదు.

రిటైరయ్యాక ఆ చూపు ఇంటి మీద పడింది. స్నానాలగది గోడ దగ్గర వంగి, చెమ్మని వేలితో రుద్ది, ఎండకి పట్టుకుని చూసేవారు. నేను మిషన్ మీద జాకెట్లు కుట్టుకుంటుంటే వెనకనుంచి వచ్చి, "అమ్మా బేబీ, ఈ గోడకి నీళ్ళు దిగుతున్నాయి, తేటగానే ఉన్నాయిలే" అని చెప్పి వెళ్ళేవారు. ఎవరడిగారు ఆయన్ని? కుట్టు తప్పేది, నా నోరు లేచేది.

తేట, మన్ను. ఆయన చదువంతా ఈ రెండు మాటల్లో ఉంది. వరదొచ్చినప్పుడు గట్టుకి ఊరివైపు అడుగున ఊట కడుతుంది. ఊట కనబడగానే కంగారు పడకూడదట. చొక్కా జేబులోంచి ఖాళీ మందుసీసా తీసి, ఆ నీళ్ళు పట్టి, కాసేపు కదలకుండా ఉంచి చూడాలి. తేటగా ఉంటే ఫరవాలేదు, వచ్చేది నీరు ఒక్కటే. అడుగున మన్ను దిగితే మాత్రం గట్టు కడుపులో మట్టి కొట్టుకొచ్చేస్తోందన్నమాట. లోపల బుంగ పడిందన్నమాట. ఇసుక బస్తాలు వెంటనే పడకపోతే గంటా రెండు గంటల్లో గట్టు తెగుతుంది. అలా తెగడమే గండి.

ఆ మాట లస్కరు ఊరికే అనడు. అంటే ఊరు ఊరంతా పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే వదిలి పరుగెత్తాలి. ఒక్కసారి ఉత్తుత్తిగా అరిచాడంటే రెండోసారి వాడి మాట ఎవరూ నమ్మరు. ముప్పై ఆరేళ్ళలో మావయ్యగారు ఆ మాట ఒక్కసారే అరిచారు, ఎనభై ఆరు వరదలో, తెల్లవారుతుండగా. అప్పటికి ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. ఇరవయ్యారేళ్ళ కుర్ర లస్కరు గట్టు మీద పరుగెడుతూ గండి, గండి అని అరుస్తుంటే, ఒక్కరంటే ఒక్కరు "ఎక్కడ, ఏంటి" అని అడగలేదట. మా అత్తగారు ఏడాది పిల్లాణ్ణి, అంటే మా ఆయన గంగాధర్‌ని, చంకనేసుకుని గట్టెక్కారు. గొడ్లు పోయాయి, ఇళ్ళు పోయాయి, మనిషి మాత్రం పోలేదు. ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఆయన ఆఖర్న ఒకటే అనేవారు: "నమ్మారమ్మా."

ఇది తెలిశాక నేనూ ఆ మాట మానేశాను.

మరి అలాంటి మనిషిని ఎర్రగండికి తీసుకెళ్ళిన తెలివి ఎవరిది అంటే, నాదే. మా అమ్మాయి వినీల ఐదో క్లాసు. ఎవరి ఫోన్లోనో ఎర్రగండి రీల్ చూసి పట్టుపట్టింది. కోరుకొండ దాటాక మెట్ట వైపు పోతే, వాగు కోసుకుపోయిన ఇసుకరాతి లోయ ఉంది. రెండు వైపులా ఎర్రటి రాతిగోడలు, మధ్యలో పాదాలు తడిసేటంత నీరు, అర కిలోమీటరు నడక. మొన్నమొన్నటి దాకా చుట్టుపక్కల మేకలు కాసేవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. రెండేళ్ళ కిందట ఎవరో కాంట్రాక్టరు మెట్లు కట్టి, రెయిలింగు పెట్టి, గేటు దగ్గర టికెట్లు మొదలుపెట్టాడు. నేచర్ వాక్ అని బోర్డు.

"గండి చూడ్డానికి టికెట్టేంటమ్మా" అన్నారు మావయ్యగారు. "మేం గండి పూడ్చడానికి జీతాలు తీసుకున్నాం."

"అది మీ గండి కాదండి. మెట్టోళ్ళ గండి. కొండల మధ్య సందుని వాళ్ళు అలా అంటారు" అని మా ఆయన నచ్చజెప్పారు. మావయ్యగారు నమ్మనట్టే ముఖం పెట్టి, చేతికర్ర తీసుకుని మనవరాలి కోసం బయల్దేరారు.

అక్టోబరు ఆదివారం అది. అంతకుముందు వారమంతా వాన. ఆ పొద్దున మాత్రం ఎండ కాసింది. పదింటికి గేటు దగ్గర దిగాం. టికెట్టు తీసుకుని లోపలికి వెళ్తే, మెట్ల దాకా వాగు పక్కనే దారి. ఆ దారిలో వాగుకి అడ్డంగా ఒక మట్టికట్ట ఉంది, ఇద్దరు మనుషుల ఎత్తుంటుంది. దాని వెనక చెరువంత నీళ్ళు నిలబడి ఉన్నాయి. వాగులో ఎక్కువ నీళ్ళు ఎప్పుడూ ఉండవు కదా, టికెట్టు కొన్నవాళ్ళకి జలపాతం చూపించాలి కదా. అందుకని అక్కడి ఎర్ర ఇసుకమట్టినే పోగేసి కట్ట పోసి, రోజూ పదకొండింటికి ఒక గొట్టంలోంచి లోయలోకి నీళ్ళు వదులుతారట. మైకులో అదే చెప్తున్నారు: "పదకొండింటికి వాటర్‌ఫాల్, అందరూ కింద ఎకో పాయింట్ దగ్గరికి చేరుకోండి."

మావయ్యగారు కట్ట దగ్గర ఆగిపోయారు.

మా ఆయనా వినీలా ముందుకెళ్ళిపోయారు. వాళ్ళకి ఆగే ఓపిక లేదు, నాకు ఈయన్ని వదిలివెళ్ళే వీల్లేదు. చూస్తుండగానే రెయిలింగు దాటి, కట్ట అడుగుకి దిగి, గడ్డి పక్కకి తీసి కూర్చున్నారు. "మావయ్యగారూ, రండి, ఇది మీ డ్యూటీ కాదండి" అన్నాను. వినీల నీళ్ళ బాటిల్ నా భుజానుంటే, అడిగి తీసుకున్నారు. గులాబీరంగు మూత, కింద గాజులాంటి ప్లాస్టిక్కు. మంచినీళ్ళన్నీ నేలమీద ఒంపేశారు. పిల్లకి దాహమేస్తే ఏం ఇవ్వాలని నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. ఆయన ఊటనీళ్ళు బాటిల్ నిండా పట్టి, ఎండకి ఎత్తి, అలాగే నిలబడ్డారు. ఎంతసేపు నిలబడ్డారో. అడుగున బొటనవేలి మందాన ఎర్రమన్ను దిగింది.

నేరుగా గేటు దగ్గరికి నడిచారు. అక్కడ మేనేజరు సురేష్‌బాబు, మెడలో కార్డు, చేతిలో రెండు ఫోన్లు.

"అయ్యా, కట్టకి బుంగ పడిందండి. మన్ను వచ్చేస్తోందండి. కిందున్న జనాన్ని ఎక్కించెయ్యండి, గేటు మూసెయ్యండి."

సురేష్‌బాబు బాటిల్ చూసి, "అయ్యో, ఈ నీళ్ళు తాగకండి తాతగారూ. లోపల మినరల్ వాటర్ ఉంది" అన్నాడు.

"తాగడానికి కాదండి. గంటలో తెగుద్దండి."

"ఇది ఇంజనీర్లు కట్టారండి."

"నేను ముప్పై ఆరేళ్ళు ఇంజనీర్లతో పనిచేశానండి. వాళ్ళే నన్ను అడిగేవారండి."

అతను నా వైపు చూశాడు. ఇంట్లోవాళ్ళు కాస్త చూసుకోవాలి కదా అన్న చూపు అది. "మేడమ్, ఆదివారం రష్ అండి. మా సూపర్‌వైజర్ మధ్యాహ్నం వస్తాడు, చూపిస్తాను" అన్నాడు. అప్పుడు నేనేం చేశానో దాచుకోను. "సారీ అండి, ఆయనకి ఇది అలవాటు" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. అప్పటికి పదిన్నర.

మావయ్యగారు బాటిల్ నాకిచ్చి మెట్ల వైపు నడిచారు. మనవరాలు కింద ఉంది. కొడుకు కింద ఉన్నాడు. "ముందు మనోళ్ళని ఎక్కిద్దాం పద" అన్నారు. నూటపది మెట్లు. అరవై ఐదేళ్ళ మనిషి గబగబా దిగుతుంటే నేను తిట్టుకుంటూ వెనక దిగాను. ఎప్పుడైనా ఒక్క ఆదివారం అందరిలా ఉండలేరా ఈయన అని.

సగం మెట్లలో ఒకావిడ చీపురుతో ఆకులు ఊడుస్తోంది. నలభై ఏళ్ళుంటాయి. నీలం కోటు వెనక కంపెనీ పేరు. మావయ్యగారు కాలు జారబోతే చటుక్కున చెయ్యి అందించింది.

"నెమ్మదండి నాన్నగారూ, నాచుంది. పరుగెందుకండి, పదకొండుకి ఇంకా టైముందండి."

"నీ పేరేంటమ్మా?"

"తలుపులమ్మండి."

"పైకెళ్ళిపో తలుపులమ్మా. గండి పడేలాగుంది."

ఆవిడ నవ్వింది. "గండిలో పడితే మాకు దెబ్బలు తగలవండి. మాది గండి ఊరేనండి, పుట్టింది పెరిగింది ఇక్కడేనండి. పొద్దున్నే ఇదిగో ఈ మెట్టు మీదే జెర్రిపోతు పడుకుంటే, చీపురుకర్రతో పక్కకి తోసి ఊడ్చానండి. చూస్తే జనం దడుచుకుంటారని."

మావయ్యగారు ఇంకేదో అనబోయి, టైం లేదన్నట్టు దిగిపోయారు. నేను ఆవిడకి ఏదో సంజాయిషీగా నవ్వాను. ఆ ఉదయమంతా నేను చేసింది అదే, అందరికీ ఆయన తరఫున సంజాయిషీ చెప్పుకోవడం.

కింద మాత్రం, ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, అందంగా ఉంది. గోడలు పూతరేకుల్లా పొరలు పొరలుగా ఉన్నాయి, ఒక పొర ఎరుపు, ఒక పొర పసుపు. వేలితో రాస్తే ఇసుక రాలుతుంది. పైన సన్నటి ఆకాశం ముక్క. ఎకో పాయింట్ దగ్గర నలభై మంది దాకా ఉన్నారు. గోడకి ఎదురుగా నిలబడి వాళ్ళ వాళ్ళ పేర్లు అరుచుకుంటున్నారు, గోడ తిరిగి అరుస్తోంది. వినీల "తాతయ్యా" అని అరిచింది. గోడ కూడా తాతయ్యా అంది.

ఆయన వినలేదు. కాళ్ళ కింద వాగు చూస్తున్నారు. మేం దిగినప్పుడు తేటగా ఉన్న నీరు ఎర్రబడింది. కాసేపట్లో అలుకు నీళ్ళలా చిక్కబడింది. రాయి మీద తడి గుర్తు ఇంకో రెండు వేళ్ళు పైకెక్కింది. అప్పుడు మావయ్యగారు, నలభై ఏళ్ళ కింద అరిచిన మనిషి, మళ్ళీ అరిచారు.

"గండి. గండి. గండి."

గోడలు గండి, గండి అన్నాయి. ఎంత బాగా అన్నాయో. జనం చప్పట్లు కొట్టారు. ఒక కుర్రజంట ఫోన్లెత్తి, వాళ్ళూ గండి అని అరిచారు. తర్వాత అందరూ. చిన్నపిల్లలు గెంతుతూ గండి, గండి అని అరిచారు. లోయ లోయంతా అదే మాట. ముప్పై ఆరేళ్ళు ఆయన కాపాడుకున్న మాటని జనం ఐస్‌క్రీములా చప్పరిస్తుంటే ఆయన ముఖం చూడలేకపోయాను. చూడలేక ఏం చేశాను? దగ్గరికెళ్ళి, పళ్ళు బిగించి, "ఇక్కడున్నదంతా గండే కదండి. ఎందుకండి మా పరువు తీస్తారు" అన్నాను.

ఆయన నన్ను పక్కకి తోశారు. పన్నెండేళ్ళలో ఎప్పుడూ నా మీద చెయ్యి వెయ్యని మనిషి. "నీళ్ళొచ్చేస్తున్నాయండి, ఎక్కండి, పైకి ఎక్కండి" అని అందరికీ చెయ్యూపుతూ అరిచారు.

నీళ్ళొస్తున్నాయనగానే జనం ఫోన్లు సరిచేసుకున్నారు. పదకొండు కావస్తోంది కదా. పైన గొట్టం వైపు తిరిగి, మంచి చోటు కోసం ఒకరినొకరు తోసుకుంటూ, ముందుకి జరిగారు. నీళ్ళ కోసమే కదా టికెట్టు కొన్నది.

అప్పుడాయన ఒక్క క్షణం ఆగారు. ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. ఆయన దగ్గరున్న మాటలు అయిపోయాయి. తర్వాత చేతికర్రతో రాయి మీద గట్టిగా కొట్టి, గొంతు చించుకుని అరిచారు.

"పాము. పామండోయ్. కాళ్ళ కింద పాము."

నలభై మంది ఒక్కసారి మెట్ల మీద పడ్డారు. చెప్పులు వదిలేశారు, సంచులు వదిలేశారు. మా ఆయన వినీలని ఎత్తుకుని పరుగెత్తారు. నేను నమ్మాను, నిజంగా పాము అనుకుని చీర ఎత్తిపట్టుకుని ఎక్కాను. అరవై మెట్లెక్కి వెనక్కి చూస్తే మావయ్యగారు ఆఖర్న ఉన్నారు. ఒక ముసలావిణ్ణి వీపు మీద చెయ్యేసి తోస్తూ ఎక్కిస్తున్నారు. నేను కిందికి దిగి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

అప్పుడే తలుపులమ్మ మా పక్కనుంచి కిందికి దిగింది. అందరూ ఎక్కుతుంటే ఆవిడొక్కతే దిగుతోంది. చీపురు తిరగేసి కర్ర వైపు పట్టుకుంది.

"ఎక్కడండి నాన్నగారూ?"

"పాము లేదమ్మా. నువ్వు ఎక్కు. గండి, గండి."

"ఆయ్, గండిలోనే కదండి. మీరు ఎల్లండి, నేను చూసుకుంటాను."

మావయ్యగారు ఆవిడ కోటు పట్టుకోబోయారు. గుడ్డ చేతికి దొరికి జారిపోయింది. ఆవిడ రోజూ దిగే మెట్లు కదా, చకచకా దిగిపోయి, ఎకో పాయింట్ మలుపు తిరిగింది. "లేదమ్మా, పాము లేదు" అని ఈయన అరుస్తూనే ఉన్నారు. గోడ కూడా లేదు, లేదు అంది.

నీళ్ళొచ్చాయి. పెద్ద శబ్దం కూడా రాలేదు, ఇసుక లారీ దింపినట్టు ఒక్క చప్పుడు. ఎర్రగా, చిక్కగా, చెట్లకొమ్మలతో సహా మలుపు తిరిగి వచ్చి, కింద నుంచి నలభయ్యో మెట్టు దాకా ఎక్కాయి. మేం యాభై దగ్గర ఉన్నాం. పావుగంటలో దిగిపోయాయి.

మేం పైకి చేరేసరికి అక్కడ సురేష్‌బాబుతో జనం గొడవ పెట్టుకుంటున్నారు. నీళ్ళ సంగతి ఇంకా వాళ్ళకి అర్థం కాలేదు. పాములున్న చోటికి ఫ్యామిలీలని ఎలా పంపిస్తారని ఒకాయన కేకలేస్తున్నాడు. నా చేతిలో బాటిల్ అలాగే ఉంది. దాన్ని సురేష్‌బాబు ముఖాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఇప్పటికీ కొట్టాల్సిందే అనుకుంటాను.

తలుపులమ్మ మధ్యాహ్నం రెండింటికి దొరికింది, లోయ విడిచి వాగు పొలాల్లోకి తిరిగే చోట, తుప్పల్లో.

మర్నాడు పేపర్లో చిన్న ముక్క వచ్చింది. ఊహించని వరద, సిబ్బంది అప్రమత్తతతో తప్పిన పెనుప్రమాదం, సందర్శకులంతా క్షేమం. ఆఖరి లైన్లో పారిశుధ్య కార్మికురాలు మృతి అని ఉంది. పేరు లేదు. సిబ్బంది అప్రమత్తత అట. ఆ ముక్క నేను నాలుగుసార్లు చదివాను, నాలుగోసారి చించేశాను.

వారం తర్వాత సురేష్‌బాబు మా ఇంటికొచ్చాడు. శాలువా తెచ్చాడు, పళ్ళు తెచ్చాడు, టైపు చేసిన కాగితం ఒకటి తెచ్చాడు. "తాతగారు మా కంపెనీ తరఫున నలభై మందిని కాపాడారండి" అన్నాడు. మా కంపెనీ తరఫునట. కాగితంలో, పై ఊళ్ళలో కురిసిన భారీవానకి కట్ట తెగిందనీ, ముందుగా ఎవరికీ ఏ సూచనా లేదనీ ఉంది. మావయ్యగారు సంతకం పెడితే చాలట.

"నేను బుంగ చూపించాను కదండి" అన్నారు ఆయన.

సురేష్‌బాబు గొంతు తగ్గించాడు. "పాము అని కూడా మీరే అన్నారు కదండి. ఆవిడ పాము కోసమే దిగిందని అందరూ చెప్తున్నారు. విచారణలో అది బయటికొస్తే మీకే ఇబ్బందండి. పెద్దవారు, మీ మంచికే చెప్తున్నాను."

నేను మిషన్ ముందు నుంచి లేచాను. చేతిలో కత్తెర ఉందన్న సంగతి మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాక తెలిసింది. ఇంత పని చేసి, ఆ చావు తెచ్చి ఈయన నెత్తిన పెడతాడా?

మావయ్యగారికి కోపం రాలేదు. అదే నాకు మరీ కోపం తెప్పించింది. "ఆయ్, రాసుకోండి" అన్నారు. "పాము అని అబద్ధం ఆడింది నేనే. అది రాయండి. దానికి ముందు పదిన్నరకి, మన్ను దిగిన నీళ్ళు మీకు చూపించాను. గేటు మూయమన్నాను. అదీ రాయండి. రెండూ రాస్తే సంతకం పెడతాను. ఒక్కటే అంటే పెట్టను."

సురేష్‌బాబు శాలువా తీసుకుని వెళ్ళాడు. పళ్ళు మర్చిపోయాడు. వాటిని నేను వీధిలో ఆవుకి పెట్టేశాను.

విచారణకి పిలిచిన రోజు మావయ్యగారు ఉతికిన పంచె కట్టుకుని, వినీల బాటిల్ సంచిలో పెట్టుకుని వెళ్ళారు. నేనూ వెళ్ళాను, ఈసారి ఆయన తరఫున ఎవరికీ సారీ చెప్పడానికి కాదు. బాటిల్ ఆఫీసరు బల్ల మీద పెట్టారు. అప్పటికి నీరు తేరుకుని పైన తేటగా, అడుగున ఎర్రగా ఉంది. ఆయన రెండు మాటలూ చెప్పారు. నేను లేచి, "పదిన్నరకి చూపించారండి, నేను పక్కనే ఉన్నాను. ఆయనకి ఇది అలవాటని చెప్పి మేనేజరుకి వంత పాడింది నేనేనండి, అదీ రాసుకోండి" అన్నాను. రాసుకున్నారు. ఇంకా ఏమీ తేలలేదు. బాటిల్ అక్కడే ఉంది. వినీలకి కొత్తది కొన్నాం.

తలుపులమ్మ ఇంటికి వెళ్ళడానికి ఆయనకి ఇంకో నెల పట్టింది. దారిలో ఎర్రగండి గేటు మీదుగానే పోవాలి. గేటుకి తాళం ఉంది గానీ, ఇద్దరు మనుషులు నిచ్చెనేసి కొత్త బోర్డు బిగిస్తున్నారు. రెడ్ కాన్యన్ అని పెద్ద అక్షరాలు. పాత పేరు పేపర్లకెక్కింది కదా, జనం రారని కాబోలు. మావయ్యగారు ఆటో ఆపించి, ఆ బోర్డు నాచేత చదివించుకున్నారు.

"అయితే ఇప్పుడు అక్కడ గండి అని అరిస్తే గండి అనే అర్థమవుద్దన్నమాట" అన్నారు. అని ఆటో పోనివ్వమన్నారు.

తలుపులమ్మ కూతురు లక్ష్మి డిగ్రీ చదువుతోంది. మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. మావయ్యగారు గ్లాసు పట్టుకున్నారు గానీ తాగలేదు. ఎండకి ఎత్తి చూడను కూడా లేదు. వచ్చిన పని తిన్నగా చెప్పేశారు.

"అక్కడ పాము లేదమ్మా. నేను అబద్ధం ఆడాను. ముందు గండి అని అరిచాను, ఎవరూ కదల్లేదు. నీళ్ళొస్తున్నాయన్నాను, కదల్లేదు. పాము అంటే కదిలారు. మీ అమ్మ మాత్రం దిగింది. మెట్ల మీద ఆవిడికి మళ్ళీ గండి అనే చెప్పాను."

లక్ష్మి తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది, ఆయనకి కొంచెం తేలిగ్గా ఉండేది.

"పామంటే మా అమ్మకి భయం లేదండి" అంది. "గండి అంటే మాకు ఊరండి. ఇంకేం చెప్పుంటే మా అమ్మ పైకొచ్చేదో నేనూ ఆలోచిస్తానే ఉన్నానండి. నాకూ తెలట్లేదండి."

మావయ్యగారు గ్లాసు కింద పెట్టి తలొంచుకున్నారు. జవాబు నా దగ్గర ఉంది, అక్కడ చెప్పలేక ఇక్కడ చెప్తున్నాను. పదిన్నరకి జనాన్ని ఎక్కించి ఆ గేటు మూసుంటే చాలు. ఎవరూ ఏ మాటా అరవాల్సిన పని ఉండేది కాదు.